రిటైరయ్యాక గాలం పట్టాలనుకుంటే ఎలా మొదలుపెట్టాలి?

యాభై, అరవై దాటాక చేపలు పట్టడం నేర్చుకుందామనుకునే వాళ్లలో చాలామంది ఒకే దారిలో వెళ్తారు. ఖరీదైన రాడ్డు, రీలు (దారం చుట్టే చక్రం), రంగురంగుల ప్లాస్టిక్ ఎరలు కొంటారు. వీడియోల్లో చూసినట్టు దూరంగా విసరడం మొదలుపెడతారు. భుజం పట్టేస్తుంది, దారం చిక్కుపడుతుంది, ఎప్పటికో ఒక చేప తగిలితే ముడి ఊడి అదీ పోతుంది. కొన్నాళ్లకి సామానంతా అటకెక్కుతుంది. "ఈ వయసులో మనకెందుకులే" అని సరిపెట్టుకుంటారు. ఇందులో వయసు తప్పేం లేదు. నిదానంగా కూర్చోగలిగినవాళ్లకి ఈ పని బాగా అబ్బుతుంది. మొదట్లో వాళ్లకి ఎవరూ ముడి వేయడం సరిగ్గా నేర్పకపోవడమే అసలు లోపం.

ముందు సామాను సంగతి చూద్దాం. నాలుగు మీటర్ల గాలపు కర్ర ఒకటి తీసుకోండి, రీలు లేనిది, ముక్కలు ఒకదాంట్లో ఒకటి దూరేది. కొనేముందు పూర్తిగా సాగదీసి, ఒంటి చేత్తో ముందుకి చాపి కాసేపు పట్టుకు చూడండి. మణికట్టు లాగుతుంటే ఇంకా తేలికది అడగండి. 0.20 మిల్లీమీటర్ల మందం నైలాన్ దారం ఒక చుట్ట, 0.16ది ఇంకో చుట్ట. గాలాలు 10వ నంబరువి. నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది కాబట్టి 16 అంటే 10 కన్నా చిన్నది, ఇక్కడ చాలామంది తికమకపడతారు. కన్నం ఉన్న గాలాలే తీసుకోండి. కాడ చివర చదునుగా ఉండి కన్నం లేనివి కూడా అమ్ముతారు, వాటి జోలికి పోవద్దు. నీటి మీద తేలుతూ చేప కొరికితే కదిలి చూపే, సన్నగా పొడుగ్గా ఉండే బెండు, దారానికి నొక్కిపెట్టే చిన్న గుండ్లు, పొడవాటి పిడి ఉన్న చేతివల, సన్నమూతి పటకారు, వీపు ఆనించుకునే మడతకుర్చీ ఉంటే సరిపోతుంది. గుండ్లు సీసంవి కాకుండా చూసుకోండి. నీటిపక్షులు వాటిని గులకరాళ్లనుకుని మింగుతాయి, సీసం విషమై చచ్చిపోతాయి. హంసలు అలా చనిపోతున్నాయనే బ్రిటన్‌లో 1987లో చేపల వేటకి వాడే సీసపు గుండ్లలో చాలా సైజుల్ని నిషేధించారు.

రీలు ఎందుకు వద్దంటున్నానో కూడా చెప్తాను, ఎందుకంటే రీలు లేకపోతే అది వేటే కాదన్నట్టు మాట్లాడేవాళ్లు మీకు తప్పకుండా ఎదురవుతారు. రీలు ఉంటే దారం మెలిపడటం, చిక్కుముడులు, ఎంత బిగువు పెట్టాలి, ఎప్పుడు వదలాలి అని ఒకేసారి అన్ని తలనొప్పులూ మొదలవుతాయి. కర్ర కొసకి దారం కట్టి వదిలితే వీటిలో ఒక్కటీ ఉండదు. మీ చూపంతా బెండు మీదే ఉంటుంది, చేప ఎలా కొరుకుతుందో తొందరగా తెలుస్తుంది. ప్లాస్టిక్ ఎరల సంగతి ఇంకా ఘోరం. వాటిని పొద్దస్తమానం విసురుతూ, లాగుతూ ఉండాలి, కదలిక లేని భుజాలకి అది శిక్షే. మొదటి ఏడాది కర్ర, బెండు, అంతే.

ఇక ముడి. ఇది నీటి ఒడ్డున నేర్చుకునేది కాదు. ఇంట్లో, పగటి వెలుతురులో, కుర్చీలో కూర్చుని నేర్చుకోవాలి. చేపకీ మీకూ మధ్య ఉండే దారంలో అన్నిటికన్నా బలహీనమైన చోటు ముడే. రెండు కిలోల బరువు మోసే దారమైనా, చెత్త ముడి పడితే అందులో సగం బరువుకే తెగిపోతుంది. గుర్రపు వెంట్రుకలతో, పట్టుతో దారాలు పేనుకున్న కాలంలో దారానికే కాస్త గరుకుదనం ఉండేది కాబట్టి ఏదో ఒక ముడి పట్టుకుని నిలిచేది. 1935లో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీలో రసాయన శాస్త్రవేత్త వాలెస్ కరోథర్స్ బృందం నైలాన్‌ను తయారుచేశాక, కొన్నేళ్లలోనే గాలపు దారాలు నైలాన్‌వి వచ్చాయి. అది నున్నగా ఉంటుంది. బట్టలకి, మూటలకి వేసే మామూలు ముడి దాని మీద జారిపోతుంది. మీ చేతులకి అలవాటైన ముడి ఎంత గట్టిదైనా ఇక్కడ పనికిరాదు, ఈ మాట మాత్రం మొహమాటం లేకుండా ఒప్పుకోండి.

చాలామంది నేర్పే ముడి ఒకటుంది. దారాన్ని కన్నంలోంచి తీసి, దాని చుట్టూ అదే దారాన్ని ఐదారు చుట్లు తిప్పి, కొసని మళ్లీ కన్నం దగ్గరి సందులోంచి దూర్చేది. మంచి ముడే. కానీ చత్వారం ఉన్న కళ్లతో, కొద్దిగా వణికే వేళ్లతో ఆ చుట్లు లెక్కపెట్టి, ఆ సన్న సందు వెతుక్కోవడం నరకం. చుట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కితే ముడి పాడైపోతుంది, ఎక్కినట్టు మీకు కనబడదు కూడా. అందుకే నేను పాలోమార్ ముడి తప్ప ఇంకోటి నేర్పను. చుట్లు లేవు, లెక్క లేదు, అయినా గట్టి ముళ్లలో అదొకటి.

ముందుగా మందపాటి తాడు, తాళాల రింగు తీసుకుని సాధన చేయండి. తాడుతో కళ్లు మూసుకుని వేయగలిగేదాకా నైలాన్ ముట్టుకోవద్దు. దారానికి వచ్చాక ఒళ్లో నల్లటి గుడ్డ పరుచుకోండి, లేకపోతే తెల్లటి నైలాన్ దారం కనబడదు. దీపం భుజం వెనకనుంచి పడాలి. దగ్గరి చూపు కళ్లద్దాలు తప్పనిసరి, చూడటానికే కాదు, గాలం ఎగిరితే కంటికి అడ్డం ఉండటానికి కూడా.

దారం కొసని జానెడు పొడవున మడిచి రెండు పేటలు చేయండి. మడిచిన కొసని గాలం కన్నంలోంచి దూర్చండి. రెండు పేటలూ ఒకేసారి పట్టకపోతే, ఒక పేటని ఇటునుంచి అటు దూర్చి, మళ్లీ అదే కన్నంలోంచి ఇటు వెనక్కి తెచ్చుకోండి, అటువైపు ఉచ్చు మిగులుతుంది, ఫలితం ఒకటే. ఇప్పుడు ఆ రెండు పేటల దారంతోనే ఒక మామూలు ముడి వదులుగా వేయండి, గాలం దాని కింద వేలాడుతూ ఉండాలి. బిగించకండి. చివర్న మిగిలిన ఉచ్చుని తీసుకుని గాలం మొత్తాన్ని అందులోంచి దాటించండి, అంటే ఉచ్చు గాలం మొన మీదుగా, వంపు మీదుగా ఎక్కి అవతలికి రావాలి. ఈ సమయంలో గాలాన్ని వేళ్లతో కాకుండా పటకారుతో వంపు దగ్గర పట్టుకోండి.

ఇక్కడ ఆగండి. తొంభై శాతం ముళ్లు పాడయ్యేది ఇక్కడి నుంచే అని నా నమ్మకం. బిగించే ముందు మూడు చూసుకోవాలి. రెండు పేటలూ పక్కపక్కన సాఫీగా ఉండాలి, ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడితే, బరువు పడినప్పుడు పై దారం కింది దారాన్ని కోసేస్తుంది. ఉచ్చు గాలం కాడ మీదే ఇరుక్కుపోకూడదు, బిగిస్తుంటే కన్నం దాటి పైకి వచ్చి ముడిలో కలిసిపోవాలి. మూడోది తడి. ముడిని నోట్లో పెట్టుకుని ఉమ్మితో తడపండి, లేదా పక్కనే గిన్నెలో నీళ్లు పెట్టుకోండి. పొడి నైలాన్ మీద నైలాన్ రాసుకుంటే వేడి పుడుతుంది, ఆ వేడికి దారం పైపొర దెబ్బతిని మెత్తబడుతుంది. పైకి ముడి చక్కగానే కనిపిస్తుంది, చేప లాగినప్పుడే పుటుక్కుమంటుంది. తడపకుండా బిగించిన ముడిని నేనైతే కత్తిరించి పారేస్తాను, పరీక్షించే పని కూడా పెట్టుకోను.

బిగించడం కూడా ఒక్క గుంజుతో వద్దు. అసలు దారం, మిగులు కొస, రెండింటినీ కలిపి పట్టుకుని, నిదానంగా, ఒకే బలంతో లాగండి. ముడి దగ్గరపడుతుండగా ఉచ్చు సరిగ్గా పైకి వస్తోందో లేదో చూస్తూ ఉండండి. రాకపోతే ఆపి గోరుతో జరపండి. పూర్తిగా బిగిశాక కొసని రెండు మూడు మిల్లీమీటర్లు వదిలి కత్తిరించండి. మరీ మొదలంటా కోస్తే జారే ప్రమాదం ఉంది, ఎక్కువ వదిలితే నాచు పట్టుకుంటుంది.

తర్వాత పరీక్ష. గాలం వంపుని పటకారుతో పట్టుకుని, ముఖానికి దూరంగా, అసలు దారాన్ని చేతికి చుట్టిన గుడ్డతో లాగండి. తెగితే సంతోషించండి, ఇంట్లోనే తెగింది. తెగిన కొసని చూడండి. పందితోకలా మెలికలు తిరిగి ఉంటే ముడి జారి ఊడిపోయింది, సరిగ్గా బిగించలేదు. మెలిక లేకుండా మొండిగా తెగితే పేటలు అడ్డంగా పడి కోసుకున్నాయో, పొడిగా బిగించారో అనుకోవాలి. నీటి దగ్గర చేప పోయినప్పుడూ ఇలాగే కొస చూసుకోవాలి, అక్కడ గరుగ్గా నలిగి ఉంటే రాయికి రాసుకుందని అర్థం. పోయిన చేప గురించి నిట్టూర్చేవాళ్లే గానీ కొస చూసేవాళ్లు తక్కువ, అందుకే మళ్లీ మళ్లీ అదే చోట పోగొట్టుకుంటారు.

ఇంకో ముఖ్యమైన సంగతి. గాలాన్ని నేరుగా అసలు దారానికి కట్టకండి. 0.16 దారాన్ని రెండు జానల ముక్కలుగా కోసి, ఒక కొసకి గాలం, రెండో కొసకి చిన్న ఉచ్చు (దారాన్ని మడిచి, ఆ రెండు పేటలతో రెండుసార్లు ముడి తిప్పితే వస్తుంది) వేసి, ఒక అట్టకి చుట్టి ఓ పది ఇంట్లోనే తయారుచేసుకోండి. అసలు దారం చివరా అలాంటి ఉచ్చే ఉంటుంది. నీటి దగ్గర గాలం పోతే ఉచ్చులో ఉచ్చు దూర్చి కొత్తది తగిలించడమే. గాలికి కొట్టుకుంటున్న దారంతో, తడి చేతులతో ముడి వేసే బాధ మీకు జన్మలో ఉండదు. పైగా సన్న దారమే ముందు తెగుతుంది కాబట్టి చేప నోట్లో బెండు, గుండ్లతో సహా పొడుగు దారం మిగిలిపోదు. అట్టకి చుట్టేముందు గాలం మొన దగ్గర వెనక్కి తిరిగిన చిన్న ముల్లుని పటకారుతో నొక్కి చదును చేసేయండి. చేపకి దెబ్బ తగ్గుతుంది, మీ వేలికి గుచ్చుకున్నా తేలిగ్గా వచ్చేస్తుంది.

వేలి మాట వచ్చింది కాబట్టి: టెటనస్ ఇంజెక్షన్ తీసుకుని పదేళ్లు దాటితే ముందు అది వేయించుకోండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టర్‌తో మాట్లాడి రండి, దూది, కట్టు వెంట ఉంచుకోండి. ముల్లు ఉన్న గాలం లోతుగా దిగినా, కంటి దగ్గర గుచ్చుకున్నా పీకకుండా అలాగే ఆసుపత్రికి వెళ్లాలి.

నీటి దగ్గర మిగతాదంతా సులువే. అక్కడ పట్టడానికి అనుమతి కావాలా, ఏ చేప ఏ సైజు దాటితే ఉంచుకోవచ్చు అన్నది ముందే కనుక్కోండి. పైన కరెంటు తీగలు ఉన్నచోట కర్ర ఎత్తకండి. కార్బన్ కర్రలో కరెంటు పారుతుంది, తడిసిన కర్ర ఏదైనా ప్రమాదమే. ఉరుము వినబడితే సర్దేయండి. ఒంటరిగా వెళ్లొద్దు, జారే గట్టు, నిటారు ఒడ్డు వద్దు. తెల్లవారుజాము, సాయంత్రం మంచివి. ఎండకి నీరు వేడెక్కితే అందులో ఆక్సిజన్ తగ్గుతుంది, చేపలు లోతుకో నీడకో వెళ్లిపోయి మేత మీద ఆసక్తి చూపవు. అడుగులు మెల్లగా వేయండి, నేల అదురు చేపలకి తెలుస్తుంది. కూర్చునే పట్టండి. నీటి ఉపరితలం దగ్గర కాంతి వంగడం వల్ల, ఒడ్డున తక్కువ ఎత్తులో ఉన్న మనిషి చేపకి సరిగ్గా కనబడడు.

లోతు చూడటానికి గాలానికి బరువైన గుండు తగిలించి వదలండి. బెండు మునిగిపోతే నీరు ఇంకా లోతు, బెండుని పైకి జరపాలి. పక్కకి పడుకుంటే లోతు తక్కువ, కిందికి జరపాలి. కొస మాత్రమే కనిపిస్తే సరిపోయినట్టు. బరువు తీసేసి వానపాము ముక్క గుచ్చండి, మొన కాస్త బయటికి కనబడాలి. బెండు చుట్టూ చిటికెడు పిండి అప్పుడప్పుడు చల్లండి. గుప్పెళ్లకొద్దీ చల్లితే చేపల కడుపు నిండుతుంది, ఎర మిగిలిపోతుంది.

బెండు వణికితే ఊరుకోండి. మునిగినా, పక్కకి జారినా, ఉన్నట్టుండి పైకి లేచినా మణికట్టుతో కర్రని పైకి ఎత్తండి, భుజం బలమంతా పెట్టి ఎగరేయొద్దు. తగిలాక దారం బిగువు వదలకుండా కర్ర వంగనివ్వండి, చేప అలిసేదాకా తిరగనివ్వండి. వలని నీటిలో ముంచి ఉంచి చేపని దాని మీదికి తెచ్చుకోవాలి. వలతో చేప వెంట పడితే కళ్లముందే పోతుంది.

వదిలేసే చేపని పొడిచేత్తో ముట్టుకోవద్దు. దాని ఒంటి మీది జిగురే రోగాలనుంచి కాపాడే పొర, పొడిచేతికి అది అంటుకుని ఊడిపోతుంది. చేతులు తడుపుకుని, మొప్పల్లో వేళ్లు పెట్టకుండా, గాలాన్ని గుచ్చుకున్న దారినే పటకారుతో వెనక్కి తీయండి. లోపలికి మింగేసి ఉంటే దారం కోసి వదిలేయడమే మేలు, కెలికితే చేప బతకదు.

సర్దుకునేటప్పుడు వాడిన ముక్క దారం ఎంత బాగున్నట్టు కనిపించినా కోసేసి, వచ్చేసారికి కొత్తది కట్టండి. అసలు దారం చుట్టని ఎండ తగలనిచోట పెట్టి ఏడాదికోసారి మార్చండి, ఎండకి నైలాన్ లోలోపలే పెళుసెక్కుతుంది. కోసిన ముక్కల్ని ఒడ్డున వదలొద్దు, జేబులో వేసుకుని ఇంటికి తెచ్చి, చిన్నగా తుంచి చెత్తలో వేయండి. పక్షుల కాళ్లకి చుట్టుకునేవి ఆ పొడుగు ముక్కలే.