కొత్త శ్మశానవాటికకు స్థలం ఎలా ఎంచుకోవాలి?

పట్టణం పెరిగేకొద్దీ ఒకప్పటి ఊరి చివరి బొందలగడ్డ కాలనీల నడుమకు వచ్చి చేరుతుంది. పాత సమాధి మీదనే కొత్త గుంత తవ్వవలసిన స్థితి వస్తే గాని కొత్త స్థలం మాట మొదలు కాదు. అప్పుడు తహసీల్దారు కార్యాలయం నుంచి ప్రభుత్వ భూముల జాబితా తెప్పించడం, మే నెలలో ఒక పూట వెళ్లి చూడడం, చదునుగా ఉందని ఒప్పుకోవడం చకచకా జరిగిపోతాయి. వరంగల్ ప్రాంతపు నేలను ఎండాకాలంలో చూసి శ్మశానానికి ఖాయం చేయడం తప్పని నా గట్టి అభిప్రాయం. ఇక్కడ ఏడాది వానలో అధిక భాగం జూన్ నుంచి సెప్టెంబరు వరకే కురుస్తుంది. ఆ వానలు ముగిసే వేళ, బావుల్లో నీళ్లు బాగా పైకి వచ్చి ఉన్నప్పుడు, నేలను చూసిన తరువాతనే నిర్ణయం తీసుకోవాలి.

ముందుగా ఎంత భూమి కావాలో లెక్క వేసుకోవాలి. 2020 నమూనా నమోదు లెక్కల ప్రకారం ఆ ఏడాది దేశంలో వెయ్యి మందికి 6 మరణాలు సంభవించాయి. ఆ లెక్కన 50,000 జనాభా గల పట్టణంలో ఏడాదికి 300 మరణాలు ఉంటాయి. ముస్లింలు, క్రైస్తవులు, లింగాయతులే కాక, చనిపోయినవారిని పూడ్చిపెట్టే ఆచారం గల ఇతర కులాలవారు కూడా ఇక్కడ చాలామంది ఉన్నారు. ఖననాలు మూడో వంతు అనుకుంటే ఏటా 100 సమాధులు అవసరమవుతాయి. నడక దారితో కలిపి సమాధికి 60 చదరపు అడుగులు వేసుకుంటే ఏడాదికి అయిదున్నర గుంటలు, 25 ఏళ్లకు దాదాపు మూడున్నర ఎకరాలు. దహన వేదికలు, కట్టెల షెడ్డు, స్నానాల గదులు, వాహనాలు నిలిపే జాగా, చెట్లు కలుపుకొంటే అయిదెకరాలకు తగ్గకూడదు. మూడో వంతు అన్నది ఉదాహరణకు చెప్పినది మాత్రమే. మీ పట్టణపు అసలు నిష్పత్తిని మరణాల రిజిస్టరు నుంచి, అన్ని మతాల, కులాల పెద్దల నుంచి తెలుసుకోవాలి.

రికార్డులు చూసేటప్పుడు పహాణీలో సర్కారీ అని కనిపించగానే సంతోషపడవద్దు. సేత్వార్ (మొదటి సర్వే నాటి భూమి రిజిస్టరు), 1954–55 నాటి ఖాస్రా పహాణీ తీయించి, ఆ సర్వే నంబరు చెరువు శిఖమో (చెరువు లోపలి ముంపు నేల), బంచరాయో (పశువుల మేత భూమి), ఎవరికైనా లావణి పట్టా (ప్రభుత్వ భూమిని సాగుకు కేటాయించే పట్టా) ఇచ్చినదో నిర్ధారించుకోవాలి. శిఖం భూమి వేసవిలో ఎండిపోయి చదునుగా, ఖాళీగా కనిపిస్తుంది కనుక అందరి కన్నూ మొదట దాని మీదనే పడుతుంది. దానిని జాబితాలోంచి మొదటే కొట్టివేయాలి. కాకతీయుల కాలం నుంచి ఈ ప్రాంతంలో చెరువులు గొలుసుకట్టుగా ఉన్నాయి. పై చెరువు అలుగు పోస్తే ఆ నీరు కింది చెరువుకు పోయే దారిలోని పల్లపు నేల, ఏడాదిలో పది నెలలు పొడిగా ఉన్నా, నీటి దారే. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అవే రోజుల్లో మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరంతటినీ ముంచెత్తింది. కనుక ఆ వరదలో నీళ్లు ఎంతవరకు వచ్చాయో చుట్టుపక్కల రైతులను అడిగి, ఆ గుర్తుకు పైన ఉన్న నేలనే తీసుకోవాలి.

ఇక నేల సంగతి. రేగడి వానకు ఉబ్బి నీటిని పట్టి ఉంచుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. అందులో సమాధులు కుంగుతాయి. దుబ్బ నేలలో నీరు ఆగకుండా దిగి బావులను చేరుతుంది, గుంత అంచులు కూలిపోతాయి. గుట్టల పక్కన రెండు మూడు అడుగులకే పరుపు బండ తగలవచ్చు. కొంత బంక కలిసిన ఎర్ర చెల్క, దాని కింద మొరం ఉన్న చోటు అన్నిటికంటె మేలు. దీనిని పైనుంచి చూసి చెప్పలేము, తవ్వి చూడవలసిందే. స్థలం నాలుగు మూలలా, నడుమ ఒకటి చొప్పున, జేసీబీతో పదేసి అడుగుల గుంతలు తీయించాలి. సమాధి లోతు ఆరడుగులు. దాని అడుగుకూ భూగర్భ జలం చేరే అత్యధిక మట్టానికీ మధ్య కనీసం ఒక మీటరు ఎడం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లో ప్రచురించిన నివేదిక సూచించింది. అందుకే పది అడుగులు. గుంతను ఒక రాత్రి అలాగే వదిలి, పొద్దున్నే అడుగున ఊట చేరిందేమో చూడాలి. గోడల మీద బూడిద రంగు మచ్చలు, తుప్పు రంగు చారలు కనిపిస్తే నీళ్లు ఏటా అంతవరకు వచ్చి నిలుస్తున్నాయని గ్రహించాలి. ఆ రోజు గుంత పొడిగా ఉన్నంత మాత్రాన నమ్మరాదు. పట్టణంలో సమాధులు తవ్వేవారిని తప్పక వెంట తీసుకువెళ్లాలి. గడ్డపార రెండు పోట్లు వేసి వారు చెప్పే మాటకు ఇంజనీరు నివేదికతో సమానమైన విలువ ఇవ్వడం న్యాయం. పరీక్ష పూర్తికాగానే గుంతలు పూడ్పించాలి. పశువులు, పిల్లలు పడే ప్రమాదం ఉంది.

తాగునీటి బావికి, బోరుకు 250 మీటర్లు, వాగులకు, ఇతర ఊటలకు 30 మీటర్లు దూరం ఉండాలన్నది అదే నివేదిక సూచన. చుట్టూ నడిచి ప్రతి బోరునూ నక్షా మీద గుర్తు పెట్టాలి. ధర్మసాగరం, వడ్డేపల్లి వంటి తాగునీటి చెరువులలోకి నీరు పారే వాలులో శ్మశానం అసలే వద్దు.

గాలి విషయం చిన్నదే. వానాకాలంలో గాలి పడమర, నైరుతి దిక్కుల నుంచి, చలికాలంలో ఈశాన్యం నుంచి వీస్తుంది కనుక పట్టణానికి ఆగ్నేయంగానో వాయవ్యంగానో ఉన్న స్థలమైతే చితి పొగ ఇండ్ల మీదికి తక్కువగా వస్తుంది. కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్లలోపు కొత్త నిర్మాణం నిషేధం. ఓరుగల్లు కోట పరిసరాలలో ఇది గుర్తుంచుకోవాలి. గోదావరిఖని, భూపాలపల్లి వైపు కింద బొగ్గు తీసిన నేల కుంగవచ్చు, గని నక్షా చూడాలి.

నేల ఎంత మంచిదైనా బాట లేకపోతే ఆ స్థలం పనికిరాదు. ఒక రైతు పొలం గెట్టు మీదుగా పోనిస్తున్నాడంటే అది ఆయన మంచితనమే గాని హక్కు కాదు. ఆ పొలం చేతులు మారి ప్లాట్లయిన రోజున శవాన్ని రోడ్డు మీద పెట్టి బతిమాలుకోవలసి వస్తుంది, దళితవాడలు ఈ అవమానాన్ని ఎన్నోసార్లు చవిచూశాయి. బాటకు కనీసం 20 అడుగుల వెడల్పు భూమిని సేకరించి, ప్రభుత్వ బాటగా రికార్డుకు ఎక్కించాలి. దారిలో రైల్వే గేటు గాని, వానకు మునిగే లో లెవల్ వంతెన గాని ఉండకూడదు. గేటుకు ముందు పాడె దించి దింపుడు కళ్లం జరిపేందుకు నీడ ఉన్న ఖాళీ జాగా విడవాలి.

విభాగాలను గీసేటప్పుడు ముస్లింల సమాధులు ఉత్తర దక్షిణాలుగా, ముఖం పడమటికి ఉండేలా వరుసలు రావాలి. మతాచారాన్ని బట్టి విభాగాలు వేరుగా ఉండవచ్చు, కాని కులాన్ని బట్టి దహన వేదికలను విడదీయడానికి పురపాలక సంఘం ఎంతమాత్రం ఒప్పుకోరాదు. నీళ్లు, బాట, దీపాలు అందరికీ ఒకటే కావాలి.

పురపాలక సంఘం తీర్మానానికి గుంతల ఫోటోలు, బావుల నక్షా, బాట టీపన్ (సర్వే కొలతల పటం) జతపరచి కలెక్టరుకు పంపాలి. భూమి స్వాధీనమైన రోజునే పక్క రైతుల ఎదుట సర్వేయరుతో కొలిపించి, హద్దురాళ్లు పాతించి, పంచనామా మీద వారి సంతకాలు తీసుకోవాలి. ప్రహరీ గోడకు టెండరు ఆ తరువాతనే పిలవాలి.