ఇంటి కంప్యూటర్‌కు నమ్మకమైన మెకానిక్ – నాలుగో పాఠం: ‘ఫార్మాట్ కొట్టాలి’ అన్నప్పుడు

ఈసారి రేట్ల సంగతి, ఎక్కడ బేరమాడొచ్చో చెప్తానన్నాను. అది వాయిదా. ముందు ‘ఫార్మాట్’ సంగతి తేల్చాలి. అంటే విండోస్ ఉన్న సీ డ్రైవ్‌ను, ఒక్కోసారి డిస్కు మొత్తాన్ని చెరిపేసి విండోస్ మళ్లీ వేయడం. మూడో పాఠం చివర ‘బ్యాకప్ తీసుకున్నాకే సిస్టమ్ ఇవ్వండి’ అని రాస్తే, సగం మంది డీ డ్రైవ్‌లోకి కాపీ చేసి ఇచ్చేశారు. ఒకాయన పెళ్లి ఫొటోలన్నీ అలాగే మార్చారు. మెకానిక్ పార్టిషన్లన్నీ, అంటే డిస్కులో సీ, డీ అని చేసిన భాగాలన్నీ తీసేసి కొత్తగా వేశాడు. హోల్‌సేల్ కొట్టు నడిపే ఒకావిడకు డీ డ్రైవ్ పదిలంగానే ఉంది, ట్యాలీ లెక్కలు మాత్రం పోయాయి. ట్యాలీ ప్రైమ్ డేటా మనం మార్చకపోతే సీ డ్రైవ్‌లోనే ఉంటుంది. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ కూడా మామూలుగా అక్కడే. డీటీపీ చేసే ఒకతనికి ఫైళ్లన్నీ తిరిగొచ్చాయి కానీ ఫార్మాట్‌లో పోయిన అను ఫాంట్లు (డీటీపీలో వాడే తెలుగు అక్షరాల ఫైళ్లు) లేక తెలుగు ఒక్క ముక్క చదవడానికి రావట్లేదు.

చాలా లాప్‌టాప్‌లలో సీ, డీ రెండూ ఒకే డిస్కులో ఉంటాయి. డిస్కు పోతే రెండూ పోతాయి. బ్యాకప్ అంటే వేరే హార్డ్ డిస్కు, లేదా పెన్ డ్రైవ్. అది మీ బీరువాలో ఉండాలి, లాప్‌టాప్ బ్యాగులో పెట్టి షాపుకు పంపకూడదు. ‘నేనే బ్యాకప్ తీస్తాలెండి సార్’ అని అతనంటే మీ డిస్కు ఇచ్చి అందులోకే ఎక్కించమనండి. అతని డిస్కులోకి వెళ్లిన మీ ఆధార్ కాపీలు, పిల్లల ఫొటోలు ఎప్పుడు చెరుపుతాడో ఎవరికి తెలుసు?

ఇక అసలు విషయం. మీరు రాసిన కథలన్నిట్లో మెకానిక్ చెప్పిన మాట ఒకటే: ‘ఫార్మాట్ కొట్టాలి.’ స్లో అయితే ఫార్మాట్, ప్రింటర్ రాకపోతే ఫార్మాట్, వైఫై తెగిపోతుంటే ఫార్మాట్. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. విండోస్ ఫైళ్లు నిజంగా పాడైనప్పుడు, వైరస్ వదలనప్పుడు ఫార్మాట్ సరైన పనే. కానీ ఏం పాడైందో చూడకుండా కొడితే, ఏం పాడైందో తెలిపే ఆధారాలు చాలావరకు దాంతోనే తుడుచుకుపోతాయి. చావుకు దగ్గరపడ్డ హార్డ్ డిస్కు కూడా కొత్త విండోస్ వేసిన కొన్నాళ్లు బాగానే పరిగెడుతుంది. డబ్బు తీసుకున్నాడు, మీరు సంతోషించారు. నెల తిరక్కుండా మళ్లీ మొరాయిస్తే ‘ఇది వేరే ప్రాబ్లం’ అంటాడు. కాదని మీరు రుజువు చేయలేరు.

అందుకే ఆ మాట వినగానే ఒక్కటే అడగండి: ‘ఎందుకో నాకు చూపిస్తారా?’

చూపించడం ఎంతసేపు? కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. ఏమీ తెరవకుండానే డిస్కు ఎంతసేపైనా 100 శాతం దగ్గరే నిలిచి ఉంటే అనుమానం డిస్కు మీద. మెమరీ నిండి ఉంటే ర్యామ్ మీద. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం డిస్కు ఆరోగ్యం చెప్తుంది. నీలం రంగులో ‘గుడ్’ అంటే ఫర్వాలేదు, పసుపులో ‘కాషన్’ అంటే ఆ క్షణం నుంచి మీ పని బ్యాకప్ ఒక్కటే. పాత హార్డ్ డిస్కు ఉన్న సిస్టమ్ స్లో అయితే నా ఓటు ఎప్పుడూ ఎస్‌ఎస్‌డీకే, అంటే హార్డ్ డిస్కు బదులు పెట్టే, దానికంటే వేగమైన డిస్కుకే. నాలుగుసార్లు ఫార్మాట్‌కు పెట్టే ఖర్చు దాని మీద పెట్టండి. ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ వెనక్కి వెళ్తుంటే మదర్‌బోర్డు మీది సీఆర్‌2032 సెల్ అయిపోయి ఉండొచ్చు. వాచీలు బాగుచేసే కొట్లో కూడా దొరికే బిళ్ల అది. దానికీ ఫార్మాట్ కొట్టించుకుని వచ్చినవాళ్లు మీలో ఉన్నారు!

‘ఎందుకో చూపిస్తారా’ అంటే విసుక్కునేవాడు మనకొద్దు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్ సీటీసీకి వెళ్లినా, మీ వీధి చివరి షాపుకు వెళ్లినా ఇదే కొలత. ‘ఇప్పుడే చెప్పలేను, ఓపెన్ చేసి చూడాలి’ అనేవాడిని నేను నమ్ముతాను. ఫోన్‌లోనే రోగం, రేటు రెండూ చెప్పేవాడిని నమ్మను. ‘ఫ్రీ చెకప్’ బోర్డు ఉంటే అసలు మెట్లెక్కను. చూసినందుకు ఓ 300 తీసుకునేవాడికి లేని రోగం అంటగట్టాల్సిన అవసరం అంతగా ఉండదు.

ఫార్మాట్ తప్పదని చూపించి ఒప్పించాడే అనుకుందాం. అప్పుడు ఏ విండోస్ వేస్తాడో అడగండి. కొనేటప్పుడే విండోస్‌తో వచ్చిన లాప్‌టాప్ అయితే లైసెన్సుకు మళ్లీ డబ్బు కట్టక్కర్లేదు, అదే ఎడిషన్ వేసి నెట్ కలిపితే మామూలుగా దానంతటదే యాక్టివేట్ అవుతుంది. మన దగ్గర అమ్మేవాటిలో ఎక్కువగా ‘హోమ్ సింగిల్ లాంగ్వేజ్’ ఉంటుంది. దాన్ని తీసేసి ‘ప్రో’ వేసి, క్రాక్‌తో యాక్టివేట్ చేసి, అందుకోసం యాంటీవైరస్ ఆపేసి ఇచ్చేవాళ్లున్నారు. అంటే మీరు కొన్న లైసెన్సు మూలనపడి, దొంగది వాడుతున్నారన్నమాట. అందుకే ఇచ్చేముందు సెట్టింగ్స్‌లో ‘అబౌట్’ పేజీ ఫొటో తీసుకోండి, ఎడిషన్ పేరు అక్కడుంటుంది.

బిల్లు, వారంటీ సంగతి విడిగా చెప్పక్కర్లేదు. ఎనీడెస్క్ (దూరం నుంచే మీ కంప్యూటర్‌ను నడిపే ప్రోగ్రాం) పెట్టించుకుని ఫోన్‌లోనే రిపేరు చేస్తామనే ‘కస్టమర్ కేర్’ వాళ్ల గురించి ఐదో పాఠంలో. ఈలోపు అలాంటివాళ్ల వల్ల డబ్బు పోతే పాఠం కోసం చూడకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అభ్యాసం. ఈసారి కొంచెం కష్టమే, తిట్టుకోకండి. మొదటిది: మీ బ్యాకప్ డిస్కును వేరేవాళ్ల కంప్యూటర్‌కు పెట్టి, ఏవైనా పది ఫైళ్లు తెరిచి చూడండి. తెరుచుకోని ఫైలు ఒక్కటున్నా బ్యాకప్ మళ్లీ తీయాలి. రెండోది: క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో డిస్కు సీరియల్ నంబరు, టాస్క్ మేనేజర్‌లో ర్యామ్ ఎంతో చూసి కాగితం మీద రాసుకోండి. షాపు నుంచి తెచ్చుకున్నాక, అక్కడే డబ్బు ఇచ్చేముందైతే ఇంకా మంచిది, అవే ఉన్నాయా పోల్చుకోవాలి. మూడోది: మూడు షాపులకు స్వయంగా వెళ్లి ‘సిస్టమ్ స్లోగా ఉంది’ అని మాత్రమే చెప్పండి, సిస్టమ్ తీసుకెళ్లొద్దు. వాళ్లు చెప్పిన రేటు కాదు, మిమ్మల్ని తిరిగి అడిగిన ప్రశ్నలు రాసి నాకు పంపండి. ఎన్నేళ్ల క్రితం కొన్నారు, హార్డ్ డిస్కా ఎస్‌ఎస్‌డీనా, డేటా ముఖ్యమా అని ఎవరడిగారో చూడాలి. రేట్ల పాఠం ఆ కాగితాలు వచ్చాకే మొదలుపెడతాను.