పెపరోమియా పక్కన ఏ మొక్క? ముందు దాని దాహం చూడండి

ఫెర్న్‌కి నీళ్లు పోస్తూ పెపరోమియా అనే చిన్న కుండీ మొక్కని చంపాను. రెండూ ఒకే గిన్నెలో నాటాలన్న ఆలోచన నాదే.

అడుగున రంధ్రం లేని పింగాణీ గిన్నె అది. మధ్యలో ముడతల ఆకుల పెపరోమియా కేపరేటా, వెనక బోస్టన్ ఫెర్న్, ముందు వైపు చిన్న ఫిటోనియా. చూడ్డానికి బుల్లి అడవిలా ఉండేది. ఫెర్న్ ఒక్క రోజు ఎండినా ఆకుల కొసలు గోధుమ రంగుకి తిరిగేవి, ఫిటోనియా అయితే మూర్ఛపోయినట్టు వాలిపోయేది. ఆ రెండింటి గోల చూడలేక రెండు రోజులకోసారి నీళ్లు పోసేదాన్ని. మూడో వారంలో పెపరోమియా కూడా వాలింది. దానికీ దాహమేమో అనుకుని ఇంకో గ్లాసు పోశాను. మర్నాడు ఆకుల్ని మెల్లగా పట్టుకుంటే మొక్క మొత్తం చేతిలోకి వచ్చేసింది. కింద వేరు లేదు, నల్లటి జిగురు, మురుగు వాసన. వేళ్లు కుళ్లిపోతే నీళ్లు పీల్చే దారే ఉండదు. అందుకే మట్టి నిండా తడి ఉన్నా మొక్క దాహం వేసినదానిలా వాలుతుంది. ఈ మాట నాకు ఆ రోజు దాకా తెలియదు.

ఆ తర్వాత పెపరోమియాకి తోడు వెతికేటప్పుడు ఆకు అందం చూడటం మానేశాను. ముందు వేరు సంగతి చూస్తున్నాను.

పెపరోమియాలో వెయ్యికి పైగా జాతులున్నాయి. ఎక్కువ భాగం మధ్య, దక్షిణ అమెరికా అడవులవి. చాలావాటికి నేలతో పనే లేదు. చెట్ల కాండాల మీద, నాచు పట్టిన రాళ్ల సందుల్లో, కుళ్లిన దుంగల మీద బతికేస్తాయి. అక్కడ వాన పడుతుంది, వెంటనే జారిపోతుంది. అందుకే వేళ్లు చిన్నవి, నీళ్లు దాచుకునే పని ఆకులది. మిరియం, తమలపాకుల కుటుంబమే ఇది. పూత పూసినప్పుడు ఆ సన్నని తోకలాంటి కంకిని చూస్తే చుట్టరికం తెలిసిపోతుంది. అలాగని తమలపాకు తీగకి పోసినట్టు పోస్తే మాత్రం నా గిన్నె కథే.

తోడు సంగతికి ముందు మీ దగ్గరున్నది ఏ రకమో చూసుకోండి. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య ఒక ఆకుని పట్టుకోండి. మందంగా, రబ్బరులా ఉంటే (ఆబ్ట్యూసిఫోలియా, గ్రావియోలెన్స్, ఫెరేరే లాంటివి) అది ఎడారి మొక్కల వైపు మొగ్గిన రకం. పల్చగా ఉంటే (ముడతల కేపరేటా, పుచ్చకాయ చారల ఆర్గిరియా) కాస్త తేమ, కాస్త తరచుగా నీళ్లు కావాలి. అలాగని ఫెర్న్‌కి కావలసినంత కాదు. బుల్లి తాబేళ్లు వరసకట్టినట్టు పాకే ప్రోస్ట్రాటా ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. ఆకుని ఇలా పట్టి చూసే పరీక్షే నీళ్లు ఎప్పుడు పోయాలో కూడా చెబుతుంది. మందపాటి ఆకు బిర్రుగా ఉన్నన్నాళ్లూ ఆగండి. కొంచెం మెత్తబడి, తేలిగ్గా వంగుతుంటే, మట్టి కూడా పొడిగా ఉంటే పోయండి. మట్టి తడిగా ఉండి ఆకు మెత్తబడిందంటే చెంబు పక్కన పెట్టి మొక్క వేళ్లు కుళ్లాయేమో చూడాలి.

ఇక తోడు. నా ఓటు హోయాకి. హోయా కార్నోసా కూడా చెట్లెక్కి బతికే మొక్కే. మైనం పూసినట్టున్న ఆకుల్లో నీళ్లు దాచుకుంటుంది, మట్టి పైభాగం బాగా ఎండాకే మళ్లీ నీళ్లు అడుగుతుంది, వేళ్లకి గాలి ఆడాలంటుంది. రెండూ పక్కపక్కన ఉంటే ఒకే రోజు చూసి, ఒకే రోజు పోయొచ్చు. తేడా వెలుగులో. హోయా పూయాలంటే పెపరోమియా కంటే ఎక్కువ వెలుగు కావాలి. అందుకని కిటికీ వైపు హోయా, దాని వెనక ఒక జానెడు దూరంలో పెపరోమియా. మా తూర్పు కిటికీలో ఉదయపు ఎండ ముందు హోయా మీద పడి, పెపరోమియాకి వడగట్టినట్టు చేరుతుంది. ఇంకో మాట, హోయా పూలు రాలాక ఆ పూకాడని తుంచకండి. మళ్లీ అక్కడే పూస్తుంది. నేను ఒకసారి శుభ్రం చేస్తున్నాననుకుని తుంచేసి, తర్వాత తల పట్టుకున్నాను.

ఇదే బాపతువి ఇంకా రెండున్నాయి: డిస్కిడియా, రిప్సాలిస్. రిప్సాలిస్ పేరుకి కాక్టస్, పుట్టింది మాత్రం వానల అడవిలో. ముళ్లు గుచ్చుకోవు, మండే ఎండ అడగదు. పై నుంచి వేలాడదీస్తే కింద పెపరోమియా హాయిగా ఉంటుంది.

మందపాటి ఆకుల పెపరోమియాకి హవోర్తియా మంచి పొరుగు. సక్యులెంట్లలో, అంటే ఆకుల్లోనో కాండాల్లోనో నీళ్లు దాచుకునే మొక్కల్లో, నీడని ఓర్చుకునే కొద్దివాటిలో ఇదొకటి. మిగతా సక్యులెంట్ల విషయంలో మాత్రం జాగ్రత్త. మొన్న మా చెల్లి ఫోన్ చేసింది.

"అక్కా, ఫొటో పంపాను చూడు. పెపరోమియా పక్కన కాక్టస్, ఎకివేరియా పెట్టాను. అన్నీ నీళ్లు తక్కువ తాగేవే కదా!"

"నీళ్లు సరేనే, అక్కడ ఎండ ఎంతసేపు పడుతుంది?"

"మధ్యాహ్నమంతా."

"అయితే పెపరోమియాని లోపలికి లాగు. వారం తిరిగేసరికి ఆకులు పాలిపోయి మచ్చలు పడతాయి."

దాహం కుదిరినా ఎండ కుదరకపోతే పొత్తు నిలవదు. మీ కిటికీ దగ్గర వెలుగు ఎంతో తెలియకపోతే మిట్టమధ్యాహ్నం మొక్క ఉండే చోట తెల్ల కాగితం పెట్టి, పైన చెయ్యి చాపండి. నీడ అంచులు మసకగా ఉంటే పెపరోమియాకి సరిపోయే వెలుగు. కత్తితో కోసినట్టు స్పష్టంగా ఉంటే అది కాక్టస్ చోటు. నీడే కనపడకపోతే ఏ మొక్కకైనా కష్టమే.

పిలియా పెపరోమియోయిడిస్ అని ఇంకోటుంది. పేరులోనే పెపరోమియాలా ఉండేది అని అర్థం, చుట్టరికం మాత్రం లేదు. దక్షిణ చైనా మొక్క. నాణేల్లాంటి గుండ్రటి ఆకులు. వెలుగు అవసరం సరిగ్గా పెపరోమియాదే, నీళ్లు మాత్రం కొంచెం ముందే అడుగుతుంది. పక్క కుండీలో భేషుగ్గా ఉంటుంది. ఒకే కుండీలో అయితే మొదలు దగ్గర పిల్లల మీద పిల్లలు పెట్టి చోటంతా ఆక్రమిస్తుంది.

మనీప్లాంట్, స్పైడర్ ప్లాంట్ గురించి అందరూ అడుగుతారు. షెల్ఫ్ మీద పక్కన పెట్టుకోండి, అభ్యంతరం లేదు. ఒకే మట్టిలో మాత్రం వద్దు. స్పైడర్ ప్లాంట్ వేళ్లు లావుగా, దుంపల్లా ఊరి కుండీని నింపేస్తాయి. ఆ మధ్యన పెపరోమియా సన్నని వేళ్లకి చోటెక్కడ? స్నేక్ ప్లాంట్, జీజీ మొక్క వెనక వరసలో నిలబెట్టడానికి బాగుంటాయి, నీళ్లూ తక్కువే. ఇంట్లో పిల్లి ఉంటే మాత్రం ఆలోచించండి. పెపరోమియా, హోయా, హవోర్తియా, స్పైడర్ ప్లాంట్ పిల్లులకీ కుక్కలకీ విషం కావు. మనీప్లాంట్, స్నేక్ ప్లాంట్, జీజీ, పీస్ లిల్లీ నమిలితే నోరు మండొచ్చు, వాంతులు కావచ్చు. మా పిల్లికి వేలాడే ఆకు ఏదైనా శత్రువే, అందుకని మనీప్లాంట్ బీరువా పైకెక్కింది.

కేపరేటా లాంటి పల్చటి రకానికి ఆఫ్రికన్ వయొలెట్ నాకు బాగా కుదిరింది. రెండింటికీ ఎండ తగలని మంచి వెలుగు, మోస్తరు తేమ చాలు. రెండింటికీ కింద పళ్లెంలో నీళ్లు పోసి, అరగంట పీల్చుకున్నాక మిగిలింది పారబోస్తాను. వయొలెట్ నూగు ఆకుల మీద, కేపరేటా నడిబొడ్డులో నీళ్లు నిలవకపోవడమే మేలు.

ఫెర్న్, కలాతియా, ఫిటోనియా, పీస్ లిల్లీ ఎప్పుడూ తేమ కోరే గుంపు. వాటిని వేరే షెల్ఫ్‌లో పెట్టి, నీళ్లకి వేరే రోజు కేటాయించండి. మొక్కలన్నీ దగ్గరగా పెడితే గాలిలో తేమ పెరుగుతుందని చాలామంది చెబుతారు. నాలుగైదు చిన్న కుండీలతో పెరిగే తేమ చాలా స్వల్పం. దాని కోసం ఆకుకి ఆకు ఆనించి ఇరికించకండి. గాలి ఆడని చోట బూజూ పురుగూ చేరతాయి.

గుబురుగా కనపడాలని ఉంటే నేను చేసే పని ఇది. వెడల్పాటి ట్రే లేదా బుట్టలో ఒక్కో మొక్కనీ దాని ప్లాస్టిక్ కుండీతోనే దించుతాను. ఎత్తులు కుదరకపోతే కింద చిన్న గిన్నె బోర్లిస్తాను. సందుల్లో గులకరాళ్లో ఎండు నాచో వేస్తే కుండీల అంచులు కనపడవు. ఎవరికి దాహమేస్తే వాళ్లనే బయటికి తీసి నీళ్లు పోసి, ఓడ్చి, మళ్లీ పెడతాను. ఒకటి చచ్చినా మిగతావాటికి తెలియదు.

లేదు, ఒకే కుండీలోనే నాటుతాను అంటారా? అప్పుడు పెపరోమియాకి అసలైన తోడు ఇంకో పెపరోమియానే. నిటారుగా పెరిగే ఆబ్ట్యూసిఫోలియా పాదాల దగ్గర ప్రోస్ట్రాటాని పాకించండి. లోతు తక్కువ, అడుగున రంధ్రాలున్న కుండీ తీసుకోండి. రెండు పాళ్లు కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), ఒక పాలు పెర్లైట్ (మట్టిని గుల్లగా ఉంచే తేలికైన తెల్లటి గుళికలు), ఒక పాలు చెట్టు బెరడు ముక్కలు కలపండి. కుండీ పెద్దదైతే వేళ్లు తాగని మట్టి తడిగానే మిగిలిపోతుంది. అందుకని రెండు వేరుముద్దలు పట్టి, చుట్టూ ఒక వేలు చోటు మిగిలితే చాలు.

తోడు ఏదైనా సరే, కొత్త మొక్కని రెండు మూడు వారాలు వేరే గదిలో ఉంచాకే దగ్గరికి చేర్చండి. పిండినల్లి పురుగు ఆకు కాడల సందుల్లో దూది ముక్కలా దాక్కుంటుంది. కేపరేటా గుబురులో దూరితే దాన్ని ఏరడం తలనొప్పి. ఒకటీ అరా కనపడితే సర్జికల్ స్పిరిట్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో తుడిచేయండి. ముందు ఒక ఆకు మీద అద్ది, మర్నాడు చూసి, ఆ తర్వాతే మిగతావి.

కుళ్లిన నా కేపరేటాలో మూడు ఆకులు గట్టిగా మిగిలాయి. కాడ రెండు సెంటీమీటర్లు ఉంచి తడి కోకోపీట్‌లో గుచ్చి, పైన ప్లాస్టిక్ డబ్బా మూత బోర్లించాను. ఒకటి కుళ్లింది. రెండింటి మొదట్లో రెండు నెలలకు గోరంత ముడతల ఆకులు వచ్చాయి. ఇప్పుడవి హోయా వెనక ఉన్నాయి. ఫెర్న్ స్నానాల గది కిటికీలో ఉంది, దానికి రోజూ నీళ్లు పోస్తున్నాను.