మోటార్‌స్టార్మ్ ఆర్కిటిక్ ఎడ్జ్: ఇంజిన్ వేడిని అదుపులో పెట్టుకొని ఆడే పద్ధతి

2009లో సోనీ చేతి గేమింగ్ యంత్రం పీఎస్‌పీ కోసం వచ్చిన వీడియో గేమ్ ‘మోటార్‌స్టార్మ్: ఆర్కిటిక్ ఎడ్జ్’లో పందేలన్నీ అలాస్కా మంచుకొండల్లోనే సాగుతాయి. కొత్తగా ఆడేవారు మలుపుల మీదే దృష్టి పెడతారు గానీ, ఈ ఆటలో గెలుపోటములను తేల్చేది చాలావరకు ఇంజిన్ వేడి. వేగాన్ని ఒక్కసారిగా పెంచే బూస్ట్ బటన్‌ను వదలకుండా నొక్కి ఉంచితే, ఇంజిన్ వేడిని చూపే గేజ్ నిండిపోయి బండి పేలిపోతుంది. అది తిరిగి ట్రాక్ మీదికి వచ్చేలోపు వెనుకవారు దాటిపోతారు.

కాబట్టి గేజ్ నిండబోతుండగా బటన్ వదిలి, ఇంజిన్ కొంత చల్లారాక మళ్లీ నొక్కడం ముందుగా అలవాటు చేసుకోవాలి. నీటిలోనో మంచులోనో నడిపితే ఇంజిన్ మరింత త్వరగా చల్లబడుతుంది. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. ఉదాహరణకు, తిన్నని దారి తరువాత వాగు, వాగు దాటగానే ఎత్తు ఎక్కే దారి ఉన్నాయనుకుందాం. తిన్నని దారిలో బూస్ట్‌ను దాదాపు పూర్తిగా వాడేసి, వాగులోకి దిగే ముందు వదిలేస్తే, నీళ్లలోంచి బయటపడేసరికి గేజ్ బాగా తగ్గి, ఎత్తు ఎక్కడానికి కావలసిన బూస్ట్ మళ్లీ చేతికి వస్తుంది. అందుకే మొదటి ల్యాప్‌లో ఎన్నో స్థానంలో ఉన్నామన్నది పట్టించుకోకుండా, నీళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తుపెట్టుకోవడం మేలని నా అభిప్రాయం.

దారి ఎంపిక బండిని బట్టి మారుతుంది. బైకులు, మంచు మీద నడిచే స్నోమొబైల్ వంటి తేలికపాటి బండ్లకు ఎత్తైన ఇరుకు దారులు నప్పుతాయి. పెద్ద ట్రక్కుల పక్కన నడిపితే ఒక్క గుద్దుకే ఎగిరిపడతాయి. బరువైన బండ్లు బురదను, లోతైన మంచును లెక్కచేయవు గానీ, మంచు వంతెనలు వాటి బరువుకు కూలిపోయే ప్రమాదం ఉంది. అలాగే మంచు పేరుకున్న వాలుల కింద హారన్ మోగించినా, బూస్ట్ వాడినా మంచుచరియ విరుచుకుపడవచ్చు. వెనుక ఉన్నప్పుడు ముందువారి మీదికి దాన్ని రప్పించాలన్న ఆశ కలగడం సహజమే, కానీ మనమూ ఆ దారినే వెళ్లాలి కదా!

గెంతు వేసేటప్పుడు అంచుకు చేరకముందే అనలాగ్ నబ్‌ను (బండిని తిప్పడానికి బొటనవేలితో కదిపే మీటను) మధ్యకు తెచ్చి బండిని తిన్నగా నిలపాలి. పీఎస్‌పీ నబ్ చిన్నది కనుక, దాన్ని చివరి వరకు నెట్టకుండా కొద్దికొద్దిగా కదిపితే మంచు మీద బండి జారడం తగ్గుతుంది.