‘మా ఋణస్థులను’ అనే చోట గొంతు ఆగిపోతే: శత్రువు కోసం ప్రార్థించడం ఎలా

యేసు శిష్యులకు నేర్పిన ప్రభువు ప్రార్థనలో “మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము” అనే చోట నా గొంతు ఆరేళ్లపాటు ఆగిపోయేది. అక్కడ ఋణస్థులంటే మనకు తప్పు చేసినవారు, కానీ నా విషయంలో ఆ మాట అక్షరాలా నిజం. నేను హామీ సంతకం పెట్టిన అప్పును ఒక స్నేహితుడు నా మీద వదిలేసి వెళ్లిపోయాడు. ప్రతి నెలా జీతంలో మూడో వంతు ఆ వాయిదాకే పోయేది. ఆదివారం అందరితోపాటు ఆ వాక్యం దాకా వచ్చి, దాన్ని మింగేసి, తర్వాతి వాక్యంలో మళ్లీ కలిసేవాడిని. కింద రాసినవన్నీ ఆ మౌనంలోంచి బయటపడుతూ నేర్చుకున్నవి.

దీవెనతో మొదలుపెట్టకండి. ముందు జరిగింది జరిగినట్టు దేవునికి చెప్పండి. చాలామంది ఈ మెట్టు దాటేసి “ప్రభువా, అతన్ని ఆశీర్వదించు” అనేస్తారు. నేనూ అన్నాను, పెదవులతో. బైబిల్లోని కీర్తనలు తెరిచి చూడండి. 55వ కీర్తనలో గాయపరిచినవాడు పరాయివాడు కాడు. కలిసి దేవుని మందిరానికి నడిచిన చెలికాడు. 109వ కీర్తన ఇంకా ఘాటైనది, వాని బిడ్డలు తండ్రిలేనివారు కావాలనే దాకా పోతుంది. ఇలాంటి మాటలు బైబిల్లో ఎందుకని కొందరు ఇబ్బందిపడతారు. అవి ఉన్నందుకే నేను బతికి బయటపడ్డాను. అంత కోపమూ శత్రువు గుమ్మం తొక్కకుండా దేవుని సన్నిధికి వెళ్లింది. పగ తీర్చడం ప్రభువు పని అని రోమా పత్రిక 12వ అధ్యాయం చెబుతోంది కదా, ఆ పని ఆయనకు అప్పగించాలంటే ముందు మన చేతిలో ఏముందో ఆయనకు చూపించాలి. నేను తలుపు వేసుకుని, పోయిన డబ్బు లెక్కతో సహా బిగ్గరగా చెప్పాను. మూడు వారాలు అదే నా ప్రార్థన. ఇక్కడ తొందర పనికిరాదు.

అయితే అక్కడే ఆగిపోకూడదు. “మీ శత్రువులను ప్రేమించుడి, మిమ్మును హింసించువారికొరకు ప్రార్థన చేయుడి” అని మత్తయి 5:44లో యేసు చెప్పింది ఆజ్ఞ. కాబట్టి పేరు పెట్టి ప్రార్థించండి. “నా శత్రువులందరినీ” అంటే ఏ ముఖమూ కళ్ల ముందుకు రాదు.

ఏమి అడగాలి? “ప్రభువా, అతనికి బుద్ధి చెప్పు” అనేది చాలాసార్లు ప్రార్థన రూపంలో ఉన్న ఫిర్యాదే. అతని పశ్చాత్తాపం కోసం అడగవలసిందే, కానీ అదొక్కటే అడుగుతుంటే మీ మనసును ఒకసారి పరీక్షించుకోండి. మీ ఇంటివారి కోసం అడిగేవే అతనికీ అడగండి: నిద్ర, ఆరోగ్యం, పిల్లల చదువు. మేలుకు కీడు చేసినవారు జబ్బుపడినప్పుడు దుఃఖానికి గుర్తుగా గోనెపట్ట కట్టుకుని ఉపవాసం ఉన్నానని 35వ కీర్తనలో దావీదు అంటాడు. నేను నా స్నేహితుడి మోకాలి నొప్పితో మొదలుపెట్టాను. మెట్లెక్కేటప్పుడు అతను గోడ పట్టుకుని ఆగడం నాకు గుర్తుంది. “ఆ నొప్పి తగ్గించు తండ్రీ” అన్న రోజు మొదటిసారి నా మాట నాకే నిజమనిపించింది.

ఇంకో అలవాటు నాకు ఎంతో మేలు చేసింది. ప్రభువు ప్రార్థనలో అంతా ‘మా’ అనే ఉంది, ‘నా’ అని ఎక్కడా లేదు. “మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము” అనేటప్పుడు ఆ ‘మా’లో అతన్నీ చేర్చుకోండి. నా భోజనంతోపాటు అతని భోజనాన్నీ అడిగాక, ‘మా ఋణస్థులను’ అనే మాట మునుపటిలా గొంతులో గుచ్చుకోలేదు.

ఒక హెచ్చరిక. ప్రార్థిస్తున్నామంటే చేసిన తప్పు తప్పు కాదని ఒప్పుకున్నట్టు కాదు. తనను చంపాలని వెంటాడుతున్న సౌలు రాజును ఏన్గెదీ గుహలో చంపకుండా విడిచిపెట్టిన దావీదు, సౌలు ఇంటికి వెళ్లిపోయాక తన కొండస్థలానికే వెళ్లాడు. అతని వెంట నడవలేదు. కొట్టేవాడి నుంచి దూరంగా వెళ్లండి, చట్టం సహాయం తీసుకోండి, ప్రార్థన అక్కడి నుంచే చేయండి. అలాగే, ప్రార్థన కూడికలో అతని పేరు చెప్పి కథంతా విప్పకండి. అది చాడీ అవుతుంది.

ఫలితం చూస్తామన్న హామీ లేదు. “ప్రభువా, వారిమీద ఈ పాపము మోపకుము” అని, యేసుపై విశ్వాసం కోసం రాళ్లతో కొట్టబడుతున్న స్తెఫను మోకరించి పలికినప్పుడు, రాళ్లు రువ్వేవారి వస్త్రాలు సౌలు అనే వేరొక యువకుడి పాదాల దగ్గర ఉన్నాయి. ఆ సౌలు అపొస్తలుడైన పౌలు కావడం స్తెఫను చూడలేదు.

నా వాయిదాలు ముగిశాయి. స్నేహితుడు తిరిగి రాలేదు, క్షమించమని అడగలేదు. కొన్ని ఆదివారాలు ఆ వాక్యం దగ్గర ఇప్పటికీ తడబడతాను. అప్పుడు లోలోపల ముందు అతని పేరు చెప్పుకుని, ఆ తర్వాత వాక్యం పలుకుతాను.