‘బ్యాన్’ నేర్చుకోవాలంటే తలుపు చదవండి

డబ్లిన్‌కు వచ్చిన కొత్తలో ఒక హోటల్లో రెండు టాయిలెట్ తలుపులు కనిపించాయి: ఒకదాని మీద ‘ఫిర్’, ఇంకోదాని మీద ‘మ్నా’. ‘ఎం’తో మొదలైంది కదా, మగవాళ్లదే అనుకుని తోశాను. లోపలున్న పెద్దావిడ చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఐరిష్‌లో మ్నా అంటే స్త్రీలు.

ఏకవచనం ‘బ్యాన్’. ఈ జంటను బట్టీ పట్టండి, సూత్రం వెతక్కండి. స్త్రీలింగం కాబట్టి ముందు ‘అన్’ (ఇంగ్లీషు ‘ద’ లాంటిది) చేరగానే బ కాస్తా వ అవుతుంది: ‘అన్ వ్యాన్’, ఆ స్త్రీ. తల్లిదండ్రులులో త ద అయినట్టే అనుకోండి. కారణాలు వేరు, చెవికి అలవాటు ఒకటే.

‘ఆ స్త్రీ ఇల్లు’ అనాలంటే ‘ట్యాఖ్ న మ్నా’; బహువచనంలో ‘స్త్రీలు’ అయిన మ్నాయే ఇక్కడ ‘స్త్రీ యొక్క’ అవుతుంది. ‘స్త్రీల’ అనాలంటే ‘న మన్’. రాతలో ఎం, బి రెండూ ఉంటాయి, పలికేది మ మాత్రమే. 1914లో పుట్టిన మహిళా సంస్థ ‘కుమన్ న మన్’ పేరు పైకి చదివి చూడండి, పట్టుబడుతుంది.

మూలం మనకు మరీ పరాయిది కాదు. ఋగ్వేదంలో దేవపత్నులను ‘గ్నా’ అన్నారు. ఇంగ్లీషు ‘క్వీన్’తో సహా అన్నీ ఒకే ఇండో-యూరోపియన్ ధాతువు పిల్లలు.