ముందు వాగును చూడండి

2022 జూలైలో మహారాష్ట్రలోని మా సిరొంచ వైపు ఊళ్లో మగవాళ్లమంతా ప్రాణహిత గట్టున నిలబడి ఏటినే చూస్తున్నాం. నీళ్లు మాత్రం వాగులోంచి ఎక్కి వెనక నుంచి కొట్టాల్లోకి వచ్చేశాయి. మా అత్తమ్మ కేక వేస్తే గానీ తెలియలేదు. గోదావరి నిండుగా ఉంటే ప్రాణహితకు దారి దొరకదు, నీళ్లు వాగులకు ఎదురు తంతాయి. మమ్మల్ని ముంచి వెళ్లిన ఆ వరదే 16న భద్రాచలంలో 71.3 అడుగులకు చేరింది.

అందుకే వానలకు ముందే వాగులో గుంజ పాతి, జానెడుకొక గీత చొప్పున రంగు వేయండి. రాత్రి ఇద్దరిద్దరు వెళ్లి టార్చి వేసి చూడాలి. ఒక్కరిని పంపితే నిద్రపోతారు, నేనూ పోయాను. ప్రాణహితలోకి నీళ్లు తెచ్చే వైన్‌గంగ మీద గోసీఖుర్ద్ డ్యాం గేట్లు తెరిచారని కబురొస్తే, మన దగ్గర ఎండ కాస్తున్నా మూటలు కట్టడం మొదలుపెట్టండి.

నీళ్లు మొదటి గీత దాటగానే పశువులను విప్పాలి. చిన్న పనే అనిపిస్తుంది. తడిసి బిగిసిన తలుగు చీకట్లో ఊడిరాదు. మేము చివరికి కొడవలితో కోశాం. వానాకాలమంతా జారుముడే వేయండి, కొట్టం చూరులో ఒక కొడవలి దోపి ఉంచండి.

ముసలివాళ్లను, బాలింతలను ఎవరు తీసుకెళ్లాలో పేరుపేరునా రాసి పంచాయతీ గోడకు అంటించండి. ఆ ఏడు మా వీధి ముసలమ్మను పక్కవాళ్లు తీసుకెళ్లారని మేము, మేము తీసుకెళ్లామని వాళ్లు అనుకున్నాం. ఆమె మంచం మీద మంచం వేసుకుని, కోడిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇప్పుడు ఆమె పేరు ఎదురుగా నా పేరు ఉంది.

వంట బడి దగ్గర, ఒకే పొయ్యి మీద. బియ్యం ఇంటికింత.

సాత్‌బారా అనే పొలం కాగితం, ఆధార్, బ్యాంకు పుస్తకం మూత బిగిసే డబ్బాలో పెట్టండి. నీళ్లు తీశాక ఇల్లు కడగాలని చేతులు దురదపెడతాయి. ముందు ఫోటోలు తీయండి. నేను కడిగేశాను. పంచనామాకు వచ్చినాయన, ఇంత శుభ్రమైన ఇంట్లో ఏం నష్టం రాయమంటావని అడిగాడు.

బావిలో మురికినీళ్లు తోడేసి, కొత్త నీళ్లు ఊరాక వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలపండి. గంట ఆగి వాడుకోవాలి. వాసనకు పిల్లలు ముఖం తిప్పుకుంటారు. కాచి చల్లార్చి ఇస్తే తాగుతారు.